బయటి తలుపు, బయటి కిటికీ: చలి ఊళ్లో కాపురం నేర్పిన పాఠాలు

పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల స్థిరపడుతున్న మన పిల్లలు ఈమధ్య పాత ఇళ్లు కొంటున్నారు. మౌంట్ లెబనాన్, స్క్విరల్ హిల్ వైపు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన ఇటుక ఇళ్లు, పెన్ హిల్స్, మన్రోవిల్ వైపు యుద్ధం తర్వాత కట్టినవి. పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడిలో దర్శనం అయ్యాక, ప్రసాదం తింటూ నన్ను సలహా అడుగుతుంటారు. ఫర్నేస్ గురించి, పైకప్పు గురించి, బేస్‌మెంట్‌లో చెమ్మ గురించి అడుగుతారు. స్టార్మ్ డోర్, స్టార్మ్ విండోల గురించి అడిగేవాళ్లు దాదాపు ఉండరు. అసలు కిటికీకి బయట బిగించిన ఇంకో అద్దాల కిటికీ, వీధి తలుపుకు బయట నిలిపిన పల్చటి అద్దాల తలుపు. చలిగాలి, వానజల్లు, మంచు ముందుగా తగిలేది వీటికే. చాలా ఏళ్లుగా ఈ ఊళ్లో కాపురం ఉంటూ, స్నేహితులు ఇల్లు కొనేటప్పుడు వెంట వెళ్లి చూస్తూ నాకు తెలిసినవి ఇక్కడ రాస్తున్నాను.

1. వీటిని ఇన్‌స్పెక్టర్ చూస్తాడని అనుకోవద్దు.

ఇల్లు కొనేముందు డబ్బిచ్చి పిలిపించే ఇన్‌స్పెక్టర్ స్టార్మ్ విండోలను పరీక్షించి తీరాలన్న నియమం లేదు. ఇన్‌స్పెక్టర్ల పెద్ద సంఘాల్లో ఒకటైన ఇంటర్‌నాచి ప్రమాణాల్లో ఆ మాట స్పష్టంగానే ఉంది: జాలితెరలు, స్టార్మ్ విండోలు, షట్టర్లు తెరిచి చూడవలసిన బాధ్యత ఇన్‌స్పెక్టర్‌కు లేదు. ఆషీ అనే మరో సంఘం కూడా జాలితెరలు, షట్టర్ల లాంటి సీజను సామగ్రిని మినహాయించింది. మనసుపెట్టి పనిచేసే ఇన్‌స్పెక్టర్లు చూస్తారు, రాస్తారు కూడా. రాయకపోతే మాత్రం మనం అడగడానికి లేదు. రిపోర్టు లావుగా ఉంది కదా, అన్నీ చూసే ఉంటారులే అని ఊరుకోకండి. ఇన్‌స్పెక్షన్ రోజున మీరూ వెళ్లి, ప్రతి కిటికీనీ మీ చేత్తో తెరిచి మూయండి. మిగతా పాఠాలన్నీ ఆ రోజు కోసమే, ఆ తర్వాత ఏటా అక్టోబర్‌లో ఒక ఆదివారం కోసం.

2. ముందు నీళ్లు బయటికి పోయే దారి చూడండి. చలి సంగతి ఆ తర్వాత.

అల్యూమినియం స్టార్మ్ విండో చట్రం అడుగున, సిల్ (కిటికీ అడుగు పలక) మీద ఆనే అంచులో, చిన్న చిల్లులు గానీ సన్నటి గాట్లు గానీ ఉంటాయి. వీప్ హోల్స్ అంటారు. ఈదురుగాలితో కొట్టే వాన ఎంతోకొంత రెండు కిటికీల మధ్యకు చేరుతుంది. ఇంట్లోంచి జారిన ఆవిరి చల్లటి అద్దానికి తగిలి నీరై కిందికి కారుతుంది. ఆ నీళ్లన్నిటికీ బయటికి దారి ఈ చిల్లులే. అందుకే చట్రం బిగించేటప్పుడు పైన, రెండు పక్కల సీలెంట్ పట్టిస్తారు గానీ అడుగున పట్టించరు. ఆ తర్వాత ఏదో ఒక చలికాలంలో, గాలి కొడుతోందని ఇంటివాళ్లే అడుగు అంచంతా పూడ్చేస్తారు. లేదా రంగు వేసేవాళ్లు చిల్లుల మీదుగా బ్రష్ లాగేస్తారు. అక్కడినుంచి నీళ్లు నిలవడం మొదలు. చెక్క సిల్ లోపల్లోపల కుళ్లుతుంటే పైన రంగు నున్నగానే కనిపిస్తుంది. సిల్ తర్వాత దాని కింద గోడలోని చెక్క, ఆ తర్వాత లోపలి ప్లాస్టర్.

దీన్ని పరీక్షించడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. లోపలి రెక్క ఎత్తి, రెండు కిటికీల మధ్య సిల్ మీద గ్లాసుడు నీళ్లు పోయండి. కాసేపట్లో బయటికి కారిపోవాలి. నిలిచిపోతే దారి మూసుకుందన్నమాట. అప్పుడు స్క్రూడ్రైవర్ మొనతో సిల్ రెండు మూలల్లో నొక్కి చూడండి. గట్టి చెక్కలో మొన దిగదు, కుళ్లిన చెక్కలో మెత్తగా దిగిపోతుంది. మొన దిగని సిల్ అయితే చిల్లుల్లో గట్టి తీగ పెట్టి తెరుచుకుంటే సరిపోతుంది. దిగితే అది వడ్రంగి పని. ఆ ఖర్చు ఇల్లు అమ్మేవాళ్లతో మాట్లాడుకోవలసిన ఖర్చు.

పెన్సిల్వేనియాలో ఇంకో చిక్కుంది. 1990ల చివర్లో అమెరికాలో మొదటిసారిగా ఈ రాష్ట్రంలోనే ఆలెన్‌టౌన్ దగ్గర కనబడిన స్టింక్ బగ్ అనే కంపుపురుగు ఆకులు రాలే కాలంలో వెచ్చదనం కోసం ఇళ్లలోకి దూరుతుంది. దాని బాధ పడలేక వీప్ హోల్స్ మూసేసేవాళ్లున్నారు. మూయకండి. చిల్లు లోపలివైపు సన్నటి జాలి ముక్క పెడితే పురుగు ఆగుతుంది, నీళ్లు పోతాయి.

3. ఆవిరి ఏ అద్దానికి పట్టిందో గమనించండి.

గడ్డకట్టే చలి ఉన్న ఉదయం కిటికీలన్నీ ఒకసారి చూసి రండి. బయటి స్టార్మ్ అద్దానికి లోపలివైపు చెమ్మ పట్టిందంటే, మీ ఇంటి వెచ్చటి గాలి లోపలి కిటికీ సందుల్లోంచి జారి అక్కడికి చేరుతోందన్నమాట. సరిచేయవలసింది లోపలి కిటికీని: అంచుల వెంట వెదర్‌స్ట్రిప్ వేయడం, రెండు రెక్కలు కలిసేచోట గొళ్లెం బిగుతుగా పడేలా చూడటం. లోపలి అద్దానికే, గదివైపే చెమ్మ పడితే రెండు కారణాల్లో ఒకటి. బయటి స్టార్మ్ సరిగా మూసుకోక చలిగాలి లోపలి అద్దాన్ని నేరుగా తాకుతూ ఉండాలి, లేదా ఇంట్లో తేమ మితిమీరి ఉండాలి. లోపలిది బిగుతుగా, బయటిది కొంచెం వదులుగా ఉండటమే సరైన పద్ధతి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

తేమ విషయంలో మన ఇళ్ల సంగతి వేరు. కుక్కర్ విజిళ్లు, ఇడ్లీ పాత్ర ఆవిరి, గంటసేపు మరిగే సాంబారు, బేస్‌మెంట్‌లో ఆరేసిన బట్టలు. పొయ్యి మీది హుడ్ ఉందిగా అంటారు. చాలా ఇళ్లలో ఆ హుడ్ గాలిని వడకట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. గొట్టం గోడ దాటి బయటికి వెళ్తోందో లేదో చూసుకోండి. ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, ఈపీఏ, చెబుతుంది. బాగా చలిగా ఉన్న రోజుల్లో కింది అంకెకు దగ్గరగా ఉంటేనే అద్దాలు పొడిగా ఉంటాయి. తేమ కొలిచే చిన్న మీటర్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. కొని వంటింట్లో పెట్టుకోండి.

4. మూడు గాడుల కిటికీ ఎలా పనిచేస్తుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

యుద్ధం తర్వాతి ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ట్రిపుల్ ట్రాక్ స్టార్మ్ విండో. బయటి గాడిలో పై అద్దం, మధ్య గాడిలో కింది అద్దం, లోపలి గాడిలో జాలితెర. చలికాలంలో పై అద్దం పైన, కింది అద్దం కింద, జాలి పైకి. వేసవిలో కింది అద్దం పైకెత్తి జాలి దించుతారు. నేను చూసిన ఇళ్లలో సగానికి సగం తప్పు ఇదే: జనవరిలోనూ కింద జాలే ఉంటుంది, అద్దం పైనే ఉండిపోతుంది. కిటికీలోంచి చలి వస్తోందని ఫర్నేస్ పెంచుతూ ఉంటారు.

ప్రతి రెక్కకూ రెండు పక్కల స్ప్రింగ్ పిన్నులుంటాయి. రెండూ ఒకేసారి లోపలికి నొక్కి రెక్క ఎత్తి, వదిలి చూడండి. పెట్టిన చోట నిలవాలి. జారిపడితే పిన్ను అరిగింది. అలాంటి రెక్క కింద పిల్లల వేళ్లు పెట్టనివ్వకండి. గాడి బిగుసుకుపోతే తెల్లగా పట్టిన తుప్పును మెత్తని బ్రష్‌తో రుద్ది, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. నూనె పూయకండి, దుమ్ము అంటుకుని ఇంకా బిగుస్తుంది. మేడమీది కిటికీలకు నిచ్చెన వేయొద్దు. చాలా రకాల్లో రెక్కను లోపలికి వంచి తీసుకోవచ్చు, పని గదిలోంచే అయిపోతుంది.

5. పడకగది కిటికీ కిటికీ మాత్రమే కాదు, నిప్పంటుకున్న రాత్రి బయటపడే దారి.

ఈ వ్యాసంలో ఒక్క పాఠమే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి. అమెరికాలో ఇళ్లకు ఎక్కువ రాష్ట్రాల్లో ఆధారంగా తీసుకునే ఐఆర్‌సీ కోడ్ ప్రకారం పడకగది కిటికీ తెరిస్తే వచ్చే ఖాళీ కనీసం 5.7 చదరపు అడుగులు ఉండాలి, నేలమట్టానికి ఉన్న అంతస్తులో అయితే 5. వెడల్పు 20 అంగుళాలకూ, ఎత్తు 24 అంగుళాలకూ తగ్గకూడదు. ఖాళీ అడుగు అంచు గది నేలనుంచి 44 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు. 20ని 24తో గుణిస్తే 5.7 చదరపు అడుగులు రావు, కాబట్టి కొలతలు రెండూ కనీసంలోనే ఉంటే చాలదు. పైకి కిందికి జరిగే కిటికీలో తెరుచుకునేది సగమేనని కూడా లెక్కలోకి తీసుకోండి. బయటికి పోవడానికి తాళంచెవి గానీ, పనిముట్టు గానీ అవసరం పడకూడదు.

పాత ఇల్లు ఆ కోడ్ రాకముందే కట్టింది కావచ్చు. కానీ పొగ అలాగే కమ్ముతుంది. లోపలి కిటికీ రంగుతో అతుక్కుపోయి ఉంటుంది, లేదా స్టార్మ్ విండోను గాలి రాకుండా స్క్రూలు కొట్టేసి ఉంటారు, లేదా లోపలివైపు ప్లాస్టిక్ పలక బిగించి ఉంటారు. ఈ మూడూ నేను పిల్లలు పడుకునే గదుల్లోనే చూశాను. దీపం ఆర్పేసి, చీకట్లో, మీ ఇంట్లో అందరికన్నా బలం తక్కువ ఉన్నవాళ్ల చేత కిటికీ తీయించి చూడండి. లోపలి రెక్క, తర్వాత స్టార్మ్ రెక్క, వేసవి అయితే జాలి కూడా. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు పడుకునే గదిలో ఈ పరీక్ష వాళ్లు వచ్చిన మొదటి వారంలోనే చేయించండి. ఇలాంటి కిటికీ మన ఊళ్లో వాళ్లు ఎన్నడూ తెరిచి ఉండరు. ఎవరికి తెరవడం రాకపోతే ఆ కిటికీ రకం మార్చాలి, లేదా ఆ గది మార్చాలి.

6. 1978కి ముందు కట్టిన ఇల్లయితే, రెండు కిటికీల మధ్య దుమ్మును చీపురుతో ఊడ్వకండి.

అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసం వాడకాన్ని నిషేధించింది 1978లో. అంతకుముందు వేసిన రంగు కిటికీ రెక్కల మీద పొరలు పొరలుగా ఉంటుంది. రెక్క పైకి కిందికి జరిగిన ప్రతిసారీ ఒరుసుకుని పొడి రాలుతుంది. ఆ పొడి చేరే చోటు స్టార్మ్ విండోకూ లోపలి కిటికీకీ మధ్య ఉన్న గాడి. నడక నేర్చుకునే పిల్లలు నిలబడి చేతులానించేదీ అక్కడే. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి. రంగు పెచ్చులూడుతుంటే మీరు గీకొద్దు. 2010 ఏప్రిల్‌నుంచి అమలులో ఉన్న ఈపీఏ నిబంధన ప్రకారం ఇలాంటి ఇళ్లలో డబ్బు తీసుకుని పాత రంగును కదిపే పని చేసేవాళ్లకు ధ్రువీకరణ ఉండి తీరాలి. ఆ కాగితం అడిగి చూశాకే పనికి పెట్టుకోండి. ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలుంటే సీసానికి రక్తపరీక్ష గురించి పిల్లల డాక్టరును అడగండి.

7. స్టార్మ్ డోర్ అద్దం మూలలో ముద్ర ఉందా?

1977నుంచి అమలైన కేంద్ర ప్రమాణం ప్రకారం స్టార్మ్ డోర్లలో భద్రత గల అద్దమే వాడాలి. టెంపర్డ్ అద్దం పగిలితే చిన్న చిన్న ముక్కలవుతుంది. మామూలు అద్దం కత్తుల్లాంటి పెంకులవుతుంది. భద్రత గల అద్దమైతే మూలలో చెరిగిపోని చిన్న ముద్ర కనిపిస్తుంది. అది కనబడకపోతే మామూలు అద్దమేనని అనుకుని మార్పించండి. తలుపు పాతదైనా కావచ్చు, పగిలిన అద్దం స్థానంలో ఎవరో మామూలు అద్దం వేసి ఉండొచ్చు. పరుగెత్తుకుంటూ వచ్చే పిల్లలు చేతులు చాపి తోసేది ఆ అద్దాన్నే.

8. తలుపును గాలికి వదలకండి.

స్టార్మ్ డోర్‌కు అడ్డంగా గొట్టంలా ఉండేది క్లోజర్. తలుపు తెరిచి వదిలితే అది నెమ్మదిగా వచ్చి, చివర గడియ పడేంత బలంగా మూసుకోవాలి. ధబాలున కొట్టుకుంటే గొట్టం చివరి స్క్రూను కొంచెం తిప్పి వేగం తగ్గించుకోవచ్చు. గొట్టంనుంచి నూనె కారుతుంటే కొత్తది వేయించాలి. తలుపు పైభాగంలో చిన్న స్ప్రింగ్ గొలుసు ఉందో లేదో చూడండి. గాలి విసురుకు తలుపు వెనక్కి పోయి విరగకుండా ఆపేది అదే. అది లేని ఇళ్లలో క్లోజర్ బిగించిన చెక్క చీలిపోయి, స్క్రూలు ఊగుతూ కనిపిస్తాయి. ద్వారబంధం చుట్టూ సందు అన్నివైపులా ఒకేలా ఉందో, అడుగున గడపకు రబ్బరు ఆనుతోందో కూడా చూడండి.

తలుపు బయటికి తెరుచుకుంటుంది. గుమ్మం ముందు అరుగు చిన్నదైతే, లోపలికి రావాలనుకునే మనిషి తలుపు లాగుతూ మెట్టు దిగి వెనక్కి జరగాలి. ఒక చేతిలో సరుకుల సంచి ఉన్న అరవై ఐదేళ్ల ఆవిడను అక్కడ ఊహించుకోండి. అలాంటి చోట పట్టుకోవడానికి రెయిలింగ్ ఉండాలి, లేకపోతే స్టార్మ్ డోర్ తీసేయడమే మేలు.

9. ఎండ ముఖాన ఉన్న తలుపుకు స్టార్మ్ డోర్ వద్దు.

రోజూ కొన్ని గంటలకు మించి నేరుగా ఎండ పడే తలుపుకు అద్దాల స్టార్మ్ డోర్ బిగించవద్దని అమెరికా ఇంధన శాఖే చెబుతుంది. రెండు తలుపుల మధ్య వేడి చిక్కుకుని అసలు తలుపు పాడవుతుంది. మధ్యాహ్నం వేళ అసలు తలుపు ముట్టుకుని చూడండి. రంగు బొబ్బలెక్కినా, ప్లాస్టిక్ అలంకరణ వంకరపోయినా కారణం అదే.

10. మంచు పార ఇంట్లో ఉండాలి.

2010 ఫిబ్రవరి 5, 6 తేదీల్లో పిట్స్‌బర్గ్‌లో 20 అంగుళాలకు పైగా మంచు పడింది. అసలు తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి తెరిచాం. స్టార్మ్ డోర్ బయటికి తెరుచుకోవాలి, దాని ముందు మంచు పేరుకుని ఉంది. పార గరాజ్‌లో ఉన్న ఇళ్లవాళ్లు కిటికీలోంచి కేకలేయవలసి వచ్చింది. నవంబర్ రాగానే పార తలుపు పక్కనే పెట్టుకోండి. తుపాను రాత్రి మధ్యలో లేచి ఒకసారి తలుపు ముందు మంచు తోసేస్తే పొద్దునకి గట్టిపడదు.

11. సందులు పట్టడానికి అగరుబత్తి చాలు.

గాలి బాగా వీచే చలి రోజున ఫర్నేస్ ఆపి, వంటింటి, స్నానాలగది ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేయండి. వెలిగించిన అగరుబత్తిని కిటికీ అంచుల వెంట నెమ్మదిగా తిప్పండి. పొగ నిటారుగా లేస్తే మంచిదే, పక్కకు వంగినచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పరదాలు జాగ్రత్త. పని అయ్యాక ఫర్నేస్ మళ్లీ వేయడం మరచిపోకండి.

12. ఇవి హరికేన్లను ఆపవు.

హ్యూస్టన్, టాంపా, మయామీల్లో ఉన్న మన బంధువులు స్టార్మ్ విండోలు వేయించుకుంటే చాలునా అని అడుగుతుంటారు. చాలదు. 1992లో ఆండ్రూ హరికేన్ దక్షిణ ఫ్లోరిడాను దెబ్బతీశాక అక్కడి నిబంధనలు గట్టిపడ్డాయి. ఆ నిబంధనల ప్రకారం చేసే పరీక్షలో 9 పౌండ్ల చెక్కను సెకనుకు 50 అడుగుల వేగంతో అద్దానికేసి కొడతారు. హుద్‌హుద్ తుపాను నాడు విశాఖలో ఉన్నవాళ్లకు ఆ పరీక్ష ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. మీకు కావలసింది ఇంపాక్ట్ గ్లాస్ లేదా హరికేన్ షట్టర్లు.

13. కొత్త కిటికీలకు సంతకం పెట్టే ముందు ఒకసారి ఆగండి.

ఇల్లు కొన్న నెల తిరక్కుండానే కిటికీలన్నీ మార్చేయమని అమ్మకందార్లు తలుపు తడతారు. పాత చెక్క కిటికీ బాగుచేయడానికి వీలైనది. అప్పటి కలప దట్టమైనది, చూసుకుంటే ఇంకా చాలాకాలం ఉంటుంది. ఒంటి అద్దం కిటికీకి మంచి స్టార్మ్ విండో తోడైతే వేడిని నిలిపే శక్తి సుమారు రెట్టింపవుతుంది. నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ 2012లో వెలువరించిన నివేదిక కూడా, స్టార్మ్ విండోల వంటి మరమ్మతులతో పాత కిటికీలు కొత్తవాటికి దగ్గరగా ఇంధనం ఆదా చేయగలవని, ఖర్చు మాత్రం చాలా తక్కువని తేల్చింది. 2018నుంచి స్టార్మ్ విండోలకూ ఎనర్జీ స్టార్ ముద్ర ఇస్తున్నారు. వేడిని వెనక్కి మళ్లించే లో-ఈ పూత ఉన్నవి అడిగి తీసుకోండి. సిల్ కుళ్లి, చట్రం వంకరపోయిన కిటికీ అయితే మార్చేయాల్సిందే. కానీ ఇంటికంతటికీ ఒకే తీర్పు ఇవ్వకుండా కిటికీ కిటికీకీ విడిగా నిర్ణయించుకోండి.

14. అటక మీదా, బేస్‌మెంట్‌లోనూ వెతకండి.

యుద్ధానికి ముందు కట్టిన ఇళ్లలో చెక్క స్టార్మ్ విండోలు వేసవిలో తీసి దాచేవాళ్లు. ఏది ఏ కిటికీదో తెలియడానికి చట్రం మీదా, రెక్క మీదా ఒకే అంకె కొట్టి ఉంటుంది. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. వేరే ఇంటికి అసలే పట్టదు. అయినా ఇల్లు అమ్మేవాళ్లు పాత సామానుతో పాటు వాటినీ చెత్తబండికి ఎత్తించేస్తుంటారు. ఇన్‌స్పెక్షన్ రోజునే లెక్కపెట్టి, స్టార్మ్ విండోలు, జాలితెరలు, స్టార్మ్ డోర్ మార్పుడు పలకలు అన్నీ ఇంటితో పాటే ఉండాలని కొనుగోలు ఒప్పందంలో రాయించుకోండి. తాళంచెవులు తీసుకునే రోజున డబ్బు చేతులు మారకముందే మళ్లీ లెక్క చూసుకోండి.